క్యోటో నగరంలో రెండు భోజనాలు

ఆహారశుద్ధిని గురించి నలుగురికి చెప్పే అర్హత నాకు ఉన్నదని చాలాకాలం భావించాను. ఇరవై రెండు సంవత్సరాలుగా గృహపాకం తప్ప అన్యం ముట్టలేదు. పాఠశాలలో సంస్కృతోపాధ్యాయుడిగా ఉన్న దినాలలో ఇంటి క్యారేజీ. పదవీవిరమణానంతరం ప్రయాణాలలో పులిహోర, దద్దోజనం, అటుకులు. బంధువుల ఇళ్ళలో శుభకార్యాలకు వెళ్తే పాలూ పండ్లూ. రాజమహేంద్రవరంలోని మా సత్సంగంలో ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయం చెప్పుకునే సందర్భాలలో ఈ నియమాన్ని ఒకింత అతిశయంతోనే ఉదాహరించేవాడిని. గత కార్తీకమాసంలో నా సహధర్మచారిణితో కలిసి జపాన్ దేశంలోని క్యోటో నగరంలో గడిపిన రెండు దినాలు ఆ అతిశయాన్ని ఏ స్థితికి తెచ్చాయో సాధకమిత్రులకు నివేదించుకోవాలని ఇది వ్రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకొనే వ్రాస్తున్నాను. "రాస్తే అంతా రాయండి. రుచిగా ఉందని నేనన్న మాట కూడా వదలకండి" అన్నది. ఆ మాట యథాస్థానంలో వస్తుంది.

మా అమ్మాయి, అల్లుడు టోక్యో మహానగరంలో నిషికసాయి అనే ప్రాంతంలో నివసిస్తున్నారు. భారతీయ కుటుంబాలు అధికసంఖ్యలో ఉన్న పేట అది. కందిపప్పు, చింతపండు నడకదూరంలో దొరుకుతాయి. కనుక అక్కడ ఉన్న రోజులన్నీ నా నియమానికి ఏ భంగమూ కలుగలేదు. అంటే మా ఆవిడ అక్కడ కూడా తెల్లవారుజామున లేచి, స్నానం చేసి, మడితో వంట చేసిందని అర్థం. ఒకనాటి రాత్రి అమ్మాయి ఉన్నట్టుండి, "నాన్నా, అమ్మకు అరవై ఎప్పుడు నిండాయో తెలుసా?" అని అడిగింది. నాకు తెలియదు. ఐదేళ్ళ క్రితం నా షష్టిపూర్తి మహావైభవంగా జరిగింది; ఆయుష్యహోమం, పునర్వివాహం, అన్నసంతర్పణ. ఆ వేడుకలో ఆమె నా పక్కన పీటల మీద కూర్చున్నది కాబట్టి ఆమెదీ అయిపోయినట్లే నా మనస్సుకు తోచి ఉంటుంది. తీరా చూస్తే ఆమెకు అరవై నిండి అప్పటికే మూడు వారాలు గడిచాయి. ఆ దినం ఆమె ఏం చేసిందో ఎవరికీ గుర్తులేదు. వంటే చేసి ఉంటుంది.

అమ్మాయి క్యోటోకు రెండు టిక్కెట్లు, ఒక రాత్రి బస ఏర్పాటు చేసింది. శనివారం వెళ్ళి ఆదివారం రావడం. దేవాలయదర్శనం కాదు, ప్రకృతివీక్షణం కాదు, కేవలం భోజనయాత్ర. "అమ్మకు తినడమంటే ఇష్టం నాన్నా. అది నీకు తెలీదు" అన్నది. నిజమే, తెలియదు. జపాను టెలివిజన్‌లో వంటల కార్యక్రమాలను భాష అర్థం కాకపోయినా ఆమె రెప్ప వేయకుండా చూస్తున్నదని మాత్రం గమనించాను. ఒకే ఒక షరతు: ఈ రెండు రోజులూ అమ్మ వండదు, డబ్బా కట్టదు. నాకోసం అమ్మాయి ఒక అట్టముక్క మీద జపాను లిపిలో వ్రాసి ఇచ్చింది: మాంసం, చేప, గ్రుడ్డు, ఉల్లి, వెల్లుల్లి తినము. పైగా ఆదివారం మధ్యాహ్నానికి ఒక ధ్యానసంప్రదాయ దేవాలయంలో శాకాహారభోజనం ఏర్పాటు చేశానన్నది. ఇన్ని చెప్పినా, రైలెక్కగానే నేను చేసిన మొదటి పని ఆమె సంచిలో చేయిపెట్టి దద్దోజనం డబ్బా కోసం వెదకడం. డబ్బా లేదు. ఆమె కిటికీలోంచి ఫుజీ పర్వతాన్ని చూస్తున్నది.

షింకాన్‌సెన్ అనే ఆ శీఘ్రయానం రెండుంబావు గంటలలో క్యోటో చేర్చింది. క్రీ.శ. 794లో రాజధానిగా వెలసి వెయ్యేళ్ళకు పైగా చక్రవర్తులకు నిలయమైన నగరమది. సముద్రానికి దూరం కావడం, భూగర్భజలం మృదువు కావడం, దేవాలయాలు అసంఖ్యాకంగా ఉండడం, ఈ మూడింటి వల్ల అక్కడ కాయగూరలు, సోయా పాలతో చేసే తోఫు, ఊరగాయలు ప్రాధాన్యం పొందాయి. నగరమధ్యంలో నిషికి అనే అంగడివీధి ఉంది. సుమారు నాలుగు వందల మీటర్ల పొడవు, ఇద్దరు ఎదురెదురుగా వస్తే ఒరుసుకొనేంత ఇరుకు, పైన రంగుటద్దాల కప్పు, ఇరువైపులా నూటికి పైగా దుకాణాలు. క్యోటో నగరపు వంటిల్లు అని దానికి పేరు.

ఆ వీధిలో మా ఆవిడ ప్రవర్తన నాకు కొత్త. ఒక్కొక్క దుకాణం ముందు ఆగి, వాసన చూసి, వేలితో చూపించి అడిగి, డబ్బిచ్చి, కొని, రుచి చూసింది. తవుడులో ఊరవేసిన వంకాయ. పలుచగా చక్రాలుగా కోసి ఊరవేసిన తెల్లని టర్నిప్ గడ్డ. వరిపిండి రేకులో చిక్కుడుజాతి గింజల తీపిముద్దను మడిచిన యత్సుహాషి అనే మిఠాయి; దాల్చినచెక్క పరిమళం ఉంటుందట. వేయించిన చెస్ట్‌నట్ గింజలు. ప్రతిసారీ నాకు అందించింది. ప్రతిసారీ నేను అట్టముక్క చూపించాను. దుకాణదారు ఫరవాలేదని తల ఊపినా నాకు సందేహం తీరక వద్దన్నాను. తేనీరు మాత్రం త్రాగాను. ఒకచోట గాజుపలకల వెనుక ఒక వృద్ధుడు ముదురుగోధుమవర్ణం చెక్కను చిత్రిక పట్టినట్లు తరుగుతుంటే, లేతగులాబీరంగు పొరలు గుట్టగా రాలుతున్నాయి. పొగచూరిన సువాసన. "చందనం చెక్కలా ఉంది, ఏమిటండీ అది?" అన్నది ఆమె. ఫోనులో అనువాదయంత్రం చెప్పింది: కట్సువో అనే సముద్రమత్స్యం. దానిని ఉడికించి, పలుమార్లు పొగబెట్టి, బూజు పట్టించి, ఎండబెట్టి, నెలల తరబడి పక్వం చేస్తే కొయ్యలా గట్టిపడుతుంది. రెండు ముక్కలు తట్టితే ఖణేల్మంటుంది. ఆ తరుగును వేడినీటిలో వేసి వడగట్టిన చారే ఆ దేశపు వంటకు మూలాధారం. నేను ముక్కు మూసుకొని ముందుకు నడిచాను. ఆమె ఇంకొక్క క్షణం నిలబడింది.

సాయంకాలం కామో నదీతీరంలో నడుస్తుండగా నాకు చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. నాకు మధుమేహం ఉన్నది. ఉదయం టోక్యోలో ఉప్మా తిని మాత్ర వేసుకున్నవాడిని, ఆ తరువాత దినమంతా తేనీరు తప్ప ఏమీ తీసుకోలేదు. ఆమె సంచిలోంచి పటికబెల్లం తీసి నోట్లో వేసి, నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, వణుకు కొంత తగ్గాక చేయిపట్టుకొని దగ్గరలో దీపం వెలుగుతున్న ఒక చిన్న ఉదోన్ భోజనశాలకు తీసుకువెళ్ళింది. ఉదోన్ అంటే గోధుమపిండితో చేసే లావుపాటి సేమియా వంటిది. వేడి చారులో వేసి ఇస్తారు. అట్టముక్క చదివి ఆ ఇల్లాలు ఎంతో శ్రద్ధగా ఉల్లికాడ తీసివేసింది, చేపముద్ద తీసివేసింది, తీపిపాకంలో నానిన తోఫు రేకు మాత్రం పైన వేసి ఇద్దరికీ రెండు పెద్ద గిన్నెలు తెచ్చింది. చారు లేతబంగారు వర్ణంలో ఉన్నది. నేను గిన్నె ఎత్తి ఆఖరి చుక్కవరకు త్రాగాను. శరీరంలోకి ప్రాణం తిరిగివచ్చిన అనుభూతి. బయట చలి, లోపల వేడి. ఎదురుగా ఆమె కూడా తింటున్నది. చాలా మంచి అన్నదాత దొరికిందని, ఆ ఇల్లాలికి వంగి నమస్కరించి వచ్చాను.

బసలో చాపలు పరచిన గది. పక్కలు వేసుకుని దీపం ఆర్పబోతుండగా ఆమె అన్నది: "మీతో ఒక మాట చెప్పాలండీ. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ చారులో చేప ఉంది."

"నీకెలా తెలుసు?"

"మధ్యాహ్నం అంగట్లో చూశాం కదా, ఆ చెక్క వాసన. సగం తిన్నాక పోల్చుకున్నాను."

"సగం తిన్నాక తెలిస్తే, నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు కక్కుకుంటారు. రాత్రంతా ఏమీ తినరు. మాత్రలు వేసుకున్న ఒళ్ళు. మీ చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది." కొంచెం ఆగి, "మీకు అనుమానం రాకూడదని నాదీ మొత్తం తిన్నాను. ఆ పాపమేదో నా ఖాతాలో రాసుకోమనండి" అన్నది. ఇంకొంచెం ఆగి, "రుచిగా కూడా ఉంది" అన్నది.

ఆ క్షణంలో నేనన్న మాటలను ఇక్కడ యథాతథంగా వ్రాయలేను. వాటిలో నాకు గుర్తున్నంతవరకు సౌమ్యమైనది, ఇరవై రెండేళ్ళ నిష్ఠను ఒక్క పూటలో మంటగలిపావు అన్నది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, గొంతు పెంచకుండా, "మీ నిష్ఠ అంతా నా వంటింట్లోనే ఉండేది కదండీ. నైవేద్యమని రుచి చూడకుండా వండాను. మీరంతా తిన్నాక చల్లారింది తిన్నాను. ఇవాళ ఎదురెదురుగా కూర్చుని వేడిగా తిన్నాం. అదీ ఇలా అయింది" అని గోడవైపు తిరిగి పడుకుంది.

నేను లేచి ఆచమనం చేసి జపానికి కూర్చున్నాను. మంత్రం నిలువలేదు. మరునాడు ఉపవాసం చేసి ప్రాయశ్చిత్తం చేసుకోవాలని సంకల్పించాను. ఆ సంకల్పంలో పశ్చాత్తాపం కంటే ఆమెకు శిక్ష విధించే భావమే ఎక్కువగా ఉన్నదని నాకే అనిపించి, అదీ నిలువలేదు.

అప్పుడు ఉషస్తి జ్ఞప్తికి వచ్చాడు. ఛాందోగ్యం ప్రథమాధ్యాయంలోని ఆ ఆఖ్యాయికను ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. కురుదేశంలో పంటలు నాశనమైనప్పుడు ఉషస్తి చాక్రాయణుడు అన్నంలేక ఒక గజపాలకుల గ్రామంలో తలదాచుకున్నాడు. కుల్మాషాలు, అంటే నాసిరకం ఉడికిన గింజలు, తింటున్న ఒక మనిషిని యాచించాడు. ఎంగిలివి తప్ప వేరే లేవన్నా, అవే ఇమ్మని తీసుకొని తిన్నాడు. అతడు తన నీటిని కూడా ఇవ్వబోతే, అది ఉచ్ఛిష్టం, నాకు వద్దన్నాడు. గింజలు ఉచ్ఛిష్టం కావా అని అడిగితే, అవి తినకపోతే ప్రాణం నిలిచేది కాదు, నీరు మాత్రం నాకు కావలసినచోట దొరుకుతుంది అన్నాడు. బ్రహ్మసూత్రాలలో తృతీయాధ్యాయ చతుర్థపాదంలో, ప్రాణాపత్తులో మాత్రమే సర్వాన్నానికి అనుమతి అనే విచారణకు ఈ కథే ఆధారం. నేను సత్సంగంలో సరిగ్గా ఇక్కడ ఆగేవాడిని. ఆపద్ధర్మానికి ఎల్లలు గీయడం నాకు ప్రియమైన విషయం.

కథ అక్కడ ఆగదు. ఉషస్తి మిగిలిన గింజలను భార్యకు తీసుకువెళ్ళాడు. ఆమెకు అప్పటికే మంచి భిక్ష దొరికింది; అయినా వాటిని పారవేయలేదు, ఎంగిలివని నిందించలేదు, తీసుకొని దాచింది. తెల్లవారి లేచి అతడు, కాస్త అన్నం దొరికితే రాజుగారి యజ్ఞానికి వెళ్ళి ధనం సంపాదించుకు వద్దును కదా అన్నప్పుడు, ఇవిగో నిన్నటి గింజలు అని ఇచ్చింది. అవి తిని వెళ్ళిన ఉషస్తి యజ్ఞశాలలో ఋత్విజులను ప్రశ్నించి, ప్రాణం, ఆదిత్యుడు, అన్నం అనే దేవతలను ఉపదేశించాడు. ఉపనిషత్తు ఆ భార్యను ఆటికి అనే మాటతో పేర్కొంటుంది; శంకరులు దానిని పేరుగా కాక, ఆమె పిన్నవయస్సును తెలిపే విశేషణంగా తీసుకున్నారు. కనుక ఆమె పేరైనా మనకు నిశ్చయంగా లేదు. ఇన్నేళ్ళలో ఆ కథ చెబుతూ నేను ఆమెను ఒక్క వాక్యంలో దాటివేసేవాడిని.

నా పరిస్థితి ఉషస్తి పరిస్థితి కాదు. ఆ విషయంలో నాకు భ్రమ లేదు. పటికబెల్లంతో వణుకు తగ్గింది, క్యోటో నగరంలో కరువు లేదు, పండ్ల దుకాణం వెదికితే దొరికేది. నా ప్రాణం పోవడం లేదు. ఆమె నాకు చెప్పి ఉండవలసిందని ఇప్పటికీ ఒక భాగం అంటుంది. అయితే ఆ దినమంతా ఆమె చేతినుంచి వచ్చిన శాకాహారాన్ని నిరాకరించి ఆ ఆపదను నిర్మించుకున్నది నేనే. మరొక సంగతి. సనత్కుమారుడు నారదునికి ఆహారశుద్ధిచేత సత్త్వశుద్ధి, దానిచేత స్థిరమైన స్మృతి కలుగుతుందని చెప్పిన చోట, ఆహారమంటే ఏమిటన్న దానిమీద ఆచార్యులు రెండు దారులు చూపారు. శంకరులు ఇంద్రియాల ద్వారా లోపలికి ఆహరింపబడే శబ్దాదివిషయజ్ఞానమంతా ఆహారమన్నారు. రాగద్వేషమోహాలు కలియకపోవడమే దాని శుద్ధి. రామానుజులు శ్రీభాష్యంలో వాక్యకారుని అనుసరించి అన్నమనే గ్రహించి, జాతి, ఆశ్రయ, నిమిత్తదోషాలు లేని అన్నంవల్ల కలిగే శరీరశుద్ధిని సాధనలలో మొదటిదిగా నిలిపారు. ఉదోన్ చారులో జాతిదోషం ఉన్నది. దానిని మాటలతో కడగలేను. కానీ ఆ రాత్రి నేను ఆమె చెవులలో పోసినది ఏ ఆహారం? ఇరవై రెండేళ్ళుగా రామానుజుల మాటను పట్టుకున్నవాడిని, తప్పు జరిగిన రాత్రి శంకరుల మాట వెదుక్కోవడం నా సౌకర్యం కోసమేనేమో అన్న అనుమానం కూడా కలిగింది. తెల్లవారేవరకు ఏదీ తేలలేదు.

ఉదయం ఆమె లేచేసరికి నేను స్నానం చేసి కూర్చుని ఉన్నాను. "ఇవాళ ఉపవాసమా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. "మీ ఇష్టం. నేను మాత్రం తింటాను" అన్నది. క్షమాపణ అనే మాట మా దాంపత్యంలో వాడుకలో లేదు. గదిలోని విద్యుత్కేటిలులో నీళ్ళు కాచి, తేనీరు చేసి, ఆమె ముందు పెట్టాను. కాస్త ఎక్కువ సేపు మరిగిందని, చేదెక్కిందని చెప్పింది, త్రాగింది.

నగరానికి పశ్చిమాన అరషియామా కొండల పాదంలో తెన్ర్యూజి దేవాలయం ఉంది. 1339లో ప్రారంభమైన ఆ క్షేత్రానికి మొదటి మఠాధిపతి ముసో సోసెకి. అక్కడి సరోవరోద్యానం ఆయన నిర్మాణమే. మేపుల్ ఆకులు కుంకుమవర్ణంలో నీటిలో ప్రతిఫలిస్తున్నాయి. నేను ఉద్యానాన్ని చూశాను. ఆమె భోజనశాల ఎక్కడో చూసింది.

ఆ భోజనానికి షోజిన్ ర్యోరి అని పేరు. షోజిన్ అనే మాట బౌద్ధగ్రంథాలలోని వీర్యమనే సంస్కృతపదానికి చీనాలిపిలో చేసిన అనువాదం. ఆరు పారమితలలో ఒకటి, సాధనలో తగ్గని ఉత్సాహమని అర్థం. ధ్యానం చాన్ అయి, చాన్ జెన్ అయినట్లే, వీర్యం వంటకానికి పేరైంది. అమ్మాయి చెప్పిన ఇంకొక వింత: జపాను స్త్రీలు భర్తను దన్న అంటారట, అది మన దానమనే మాట. దాత, పోషకుడు అనే అర్థంలో మొదలై భర్తకు అంటుకున్నది. రాత్రి ఎవరు దాతో, ఎవరు గ్రహీతో తలచుకొని నేను ఆ వ్యుత్పత్తిని ఆమెకు వెంటనే చెప్పలేదు.

ఎర్రని తివాసీ పరచిన విశాలమైన గదిలో నేలమీద కూర్చోబెట్టి, ఎర్రని లక్క పళ్ళెంలో చిన్న చిన్న గిన్నెలు తెచ్చి పెట్టారు. నువ్వులను మెత్తగా నూరి, ఒక తీగదుంప పిండితో కలిపి గడ్డకట్టించిన జున్ను వంటి గోమదోఫు. సోయా పాలమీది మీగడ. ఉడికిన ముల్లంగి, వంకాయ, తెల్లని అన్నం, ఊరగాయ, చారు. ఉల్లి వెల్లుల్లి జాతులు ఈ పాకంలో నిషిద్ధం. ఆ సంప్రదాయంవారు వర్జించే ఐదు ఘాటుద్రవ్యాల జాబితాలో ఐదవది మన ఇంగువ. ఇది చెబితే మా ఆవిడ నవ్వింది. "అయితే మన పులిహోర వీళ్ళకు పనికిరాదన్నమాట!" చారు వేటితో కాచారని అడిగాను. కొంబు అనే సముద్రపునాచు, ఎండు షిటాకే పుట్టగొడుగు అన్నారు. మనుస్మృతిలో లశున పలాండువులతో పాటే కవకం, అంటే పుట్టగొడుగు కూడా నిషిద్ధాలలో ఉన్నది. వారికి ఇంగువ కూడదు, మాకు పుట్టగొడుగు కూడదు. నేను చారు గిన్నెను పళ్ళెం అంచుకు జరిపాను. ఉషస్తి నీటిని వద్దన్నట్లు అనుకున్నాను. అతడికున్నంత నిబ్బరం నాకు లేకపోయినా. భిక్షువుల భోజనంలో మెతుకు కూడా మిగల్చరాదని నియమం. ఏం చేయాలో తోచక చూస్తుంటే ఆమె, "ఇటివ్వండి" అని నా గిన్నె కూడా అందుకున్నది.

ఉపవాససంకల్పం విడిచి మిగిలినదంతా తిన్నాను. అయితే ఆ పూట నా దృష్టి నా పళ్ళెం మీద లేదు. వివాహమై ముప్పై తొమ్మిది సంవత్సరాలు. మా ఆవిడ మొదటి ముద్దనుంచి చివరి ముద్దవరకు భోజనం చేయడం నేనెన్నడూ చూడలేదు. ఆమె వడ్డిస్తున్నప్పుడు నేను తింటూ ఉంటాను. ఆమె తినేటప్పుడు నేను పడకకుర్చీలో పుస్తకంతో ఉంటాను. ఆమె ముందు అన్నాన్నే, దేనితోనూ కలపకుండా, ఒక ముద్ద తింటుంది. వేడి గిన్నెను రెండు అరచేతులలో కొంతసేపు పట్టుకుంటుంది. ఇష్టమైనదాన్ని చివరికి దాచుకుంటుంది. ఆ దినం దాచుకున్నది వంకాయ. నచ్చినది నోట్లో పెట్టుకున్నప్పుడు కళ్ళు మూసుకుంటుంది. ఊరగాయ ముక్కను కొరికి, ఇందులో ఏమేం వేశారో లెక్కపెడుతున్నట్లు నెమ్మదిగా నమిలింది. భోజనం చేయడానికి ఆమెకు నలభై నిమిషాలు పట్టింది. ఇంట్లో పది నిమిషాలలో ముగించి లేవడం తెలుసు. అది ఆమె స్వభావమనుకున్నాను.

అక్కడ కూర్చుని ఉండగా ఎప్పుడో ఆంగ్లానువాదంలో చదివిన డోగెన్ ఆచార్యుని వృత్తాంతం గుర్తుకు వచ్చింది. ఆయన సంప్రదాయం వేరు, తెన్ర్యూజి సంప్రదాయం వేరు, రెండూ ధ్యానమార్గాలే. మఠంలో వంటవాని ధర్మాలను వివరిస్తూ 1237లో ఆయన తెంజో క్యోకున్ అనే గ్రంథం వ్రాశారు. 1223లో యువకుడిగా చైనాకు వెళ్ళి, నింగ్‌బో రేవులో ఓడమీదనే ఉండగా ఒక వృద్ధభిక్షువు ఎండు పుట్టగొడుగులు కొనడానికి వచ్చాడట. అశోకచక్రవర్తి పేరున్న పర్వతంమీది మఠంలో వంటవాడు. అరవై ఒక్క సంవత్సరాలు. మరునాడు పర్వదినం, భిక్షువులకు సేమియా చారు చేసిపెట్టాలని అంత దూరం నడిచి వచ్చాడు. డోగెన్ ఆయనను ఆ రాత్రి ఉండిపొమ్మని, ఇంత వయస్సులో ధ్యానం, శాస్త్రవిచారం వదలి ఈ వంటపనితో శ్రమ ఎందుకని అడిగాడు. ఆయన పెద్దగా నవ్వి, ఓ పరదేశీ, సాధన అంటే ఏమిటో నీకింకా తెలియదు అని, చీకటి పడుతున్నదని లేచి వెళ్ళిపోయాడు. చదివినప్పుడు ఆ కథ నాకు చమత్కారంగా మాత్రమే తోచింది. ఇప్పుడు నా ఎదుట ఆమె వంకాయ తింటున్నది. కథను ఆమెకు చెప్పాను. అంతా విని, "ఆయన పుట్టగొడుగులు మోసుకుని మళ్ళీ అంత దూరం నడిచాడా?" అని అడిగింది. నడిచాడన్నాను. "మరునాటికి చారు చేశాడా?" గ్రంథంలో అది లేదన్నాను. "చేసే ఉంటాడు" అన్నది.

తిరుగు ప్రయాణంలో ఆమె నిద్రపోయింది. ఆమె సంచి నా ఒడిలో ఉన్నది. ఈసారి డబ్బా కోసం వెదకలేదు గాని, అంగట్లో కొన్న పొట్లం ఒకటి తగిలింది. నల్లని, గట్టి, ఉప్పు పొడి అద్దిన నాచు రేకులు. పుట్టగొడుగులు కొనలేదు.

మరునాడు కార్తీక సోమవారం. సాయంకాలం దీపం పెట్టిన తరువాత ఆమె ఆ కొంబు రేకును చన్నీళ్ళలో నానబెట్టి, సన్నని సెగమీద మరగనీయకుండా కాచింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. అమ్మాయి ముల్లంగి తరుగుతున్నది. కత్తి నేను తీసుకున్నాను. ముక్కలు సమానంగా రాలేదు. క్యోటోలో ఏం తిన్నావని అమ్మాయి నన్ను అడిగింది. ఆమె నావైపు చూసింది. చేప చారు త్రాగానని చెప్పాను. అమ్మాయి చేతిలోని గిన్నె అలాగే నిలిచిపోయింది.

"ఆ అట్టమీద చారు మాట రాయలేదు నాన్నా. తప్పు నాదే" అన్నది కాసేపటికి. ఎవరి తప్పో ఇంకా నిర్ణయం కాలేదన్నాను.

మా ఆవిడ ఇదేమీ వినిపించుకోవడం లేదు. నైవేద్యానికి వేరే గిన్నెలోకి తీసి పక్కన పెట్టింది. తరువాత గరిటెతో కొంచెం చారు తీసుకుని, పొయ్యి ముందే నిలబడి, ఊదుకుని, నోట్లో పోసుకున్నది. వంట మధ్యలో ఆమె రుచి చూడడం నేనెరిగినంతలో అదే మొదటిసారి. కళ్ళు మూసుకున్నది.

"ఆ రుచి రాలేదండీ" అని, ఉప్పు డబ్బా అందుకున్నది.